కంచం మీద పేరు, కంప్యూటర్‌లో పేరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం తమ్ముళ్లు నన్ను అడిగారు. కంప్యూటర్ ఉద్యోగం తెచ్చుకోవడం ఎలాగో రాస్తానని వాళ్లు అనుకున్నారు. ఆ విషయం చెప్పడానికి అమీర్‌పేట నిండా మనుషులున్నారు. నేను వేరే చిన్న విషయం ఎంచుకున్నాను. మనం రాసిన ప్రోగ్రాంకు ఏం పేరు పెట్టాలి, దాన్ని కంప్యూటర్‌లో ఏ చోట పెట్టాలి అన్నదే ఆ విషయం. "ఇదీ ఒక విషయమేనా?" అని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు నాకూ అలాగే అనిపించింది. కానీ నేను పెట్టిన ఒక్క పేరు వల్ల నాచారంలో కొంతమంది కూలీలకు ఒక నెల జీతం రెండు రోజులు ఆగిపోయింది. ఆ రోజు నుంచి నాకు అలా అనిపించడం లేదు.

ఆ సంగతికి వచ్చే ముందు మన హాస్టల్ కంచాల సంగతి చెప్పాలి.

కంచాల గొడవ

మా రోజుల్లో హాస్టల్‌లో చేరగానే ముందుగా కావలసినవి రెండు. ఒకటి తాళం పడే ట్రంకు పెట్టె. రెండోది పేరు కొట్టించిన స్టీలు కంచం. భోజనాలయ్యాక కడిగిన కంచాలన్నీ ఒకే బల్ల మీద దొంతర పెట్టేవాళ్లం. పేరు లేని కంచం మర్నాటికి ఎవరిదో అయిపోయేది. అందుకే మా అమ్మ కంచం కొన్న దుకాణంలోనే దాని అంచు మీద నా పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం కొట్టించి పంపింది.

మరుసటి ఏడాది వేరే హాస్టల్ నుంచి పదో తరగతి అన్న ఒకాయన వచ్చి చేరాడు. ఆయన పేరూ నా పేరే. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా అదే. ఇక చూడండి, రోజూ పంచాయితీ. ఆయన కంచానికి సొట్ట పడింది. సొట్ట లేని కంచం నాదంటే నాది అని ఇద్దరం పట్టుబట్టాం. "ముందు నేను కొట్టించుకున్నాను" అని నా వాదన. "నేను పెద్దోణ్ణి" అని ఆయన వాదన. విషయం వార్డెన్ సార్ దాకా పోయింది. సార్ ఇద్దరినీ నిలబెట్టి, "రెండు దినాలు టైమిస్తున్న. మీలో మీరు మాట్లాడుకొని ఎవరో ఒకరు పేరు పక్కన ఊరి పేరు కొట్టించుకోండి. తేల్చుకోకపోతే ఇద్దరూ కొట్టించుకోవాల్సిందే" అన్నారు. మేం తేల్చుకోలేదు. ఇద్దరికీ ఖర్చు తగిలింది. ఆ నెల కాస్మెటిక్ చార్జీల డబ్బుల్లోంచి నా ఊరి పేరు కొట్టించుకుంటూ, ముందొచ్చినవాడికి ఇదేం న్యాయం అని ఏడ్చాను కూడా.

అయితే ఆ రోజు తర్వాత మా హాస్టల్‌లో మళ్లీ కంచం మీద గొడవ రాలేదు. కొత్తగా వచ్చినవాడు ముందు దొంతరలో వెతికి, తన పేరు అప్పటికే ఉంటే తానే ఊరి పేరు చేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ రాసిపెట్టని చట్టం అది.

ఉప్పల్‌లు రెండు, నాచారాలు రెండు

పేర్లు కలవడం మనుషులకే కాదు, ఊళ్లకూ ఉంది. మన ఉప్పల్‌నే తీసుకోండి. కాజీపేట నుంచి బల్హార్షా వైపు వెళ్లే రైలు మార్గంలో జమ్మికుంటకు దగ్గర్లో ఉప్పల్ అనే స్టేషన్ ఉంది. రైల్వే టికెట్ కౌంటర్లో ఉప్పల్ అని అడిగితే దొరికేది ఆ ఉప్పల్ టికెట్టే. మన ఉప్పల్‌లో 2017 నుంచి మెట్రో స్టేషన్ ఉంది గాని ఆ పేరుతో రైల్వే స్టేషన్ లేదు. పాత కాగితాల్లో మన ఉప్పల్ అసలు పేరు ఉప్పల్ కలాన్. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేదాకా మన మునిసిపాలిటీ పేరు కూడా అదే. కలాన్ అంటే పారశీక భాషలో పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది. ఒకే పేరున్న ఊళ్లను గుర్తుపట్టడానికి మన ప్రాంతంలో పాత రోజుల నుంచి వాడుకలో ఉన్న మాటలివి. అట్లాగే నాచారం అంటే మనకు ఇండస్ట్రియల్ ఏరియా గుర్తొస్తుంది. గజ్వేల్ వైపు వాళ్లకు నరసింహస్వామి కొలువైన నాచారం గుర్తొస్తుంది. అందుకే జనం దాన్ని నాచారం గుట్ట అంటారు. ఒక చిన్న మాట చేర్చుకోవడంతో ఎవరి ఊరికి వాళ్లు చేరుతున్నారు.

కంప్యూటర్‌లో జరిగేది సరిగ్గా ఇదే. చదవని తమ్ముళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను.

నల్ల తెర వెనక ఏం జరుగుతుంది?

ఫోన్‌లో బొమ్మ మీద వేలు పెడితే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. లినక్స్ వంటి వ్యవస్థల్లో బొమ్మ లేకుండా, నల్ల తెర మీద పేరు టైపు చేసి ఎంటర్ కొట్టే పద్ధతి ఒకటి ఉంది. దాన్నే కమాండ్ లైన్ అంటారు. బ్యాంకుల్లో, పరిశోధన సంస్థల్లో, ఇంటర్నెట్‌ను నడిపే పెద్ద కంప్యూటర్లలో ఇప్పటికీ చాలా పని ఇట్లాగే జరుగుతుంది.

మనం ఒక పేరు కొట్టగానే కంప్యూటర్ ఆ పేరున్న ఫైలు కోసం వెతుకుతుంది. ఎక్కడ పడితే అక్కడ వెతకదు. దానికి ఒక చీటీ ఇచ్చి ఉంటారు. ఈ అర ముందు చూడు, లేకపోతే ఆ అర చూడు, అక్కడా లేకపోతే ఆ పక్కది చూడు అని వరుసగా రాసిన చీటీ అది. దాని పేరు పాత్. వ్యవస్థతో పాటు వచ్చిన ప్రోగ్రాంలు ఉండే అర పేరు యూఎస్ఆర్ బిన్. ఆ కంప్యూటర్‌ను చూసుకునే మనిషి తాను తెచ్చి పెట్టినవి ఉంచే అర పేరు లోకల్ బిన్. ఎవరికి వాళ్లు తమ సొంత ఇంట్లో కూడా ఒక అర పెట్టుకోవచ్చు. మామూలుగా చీటీలో లోకల్ బిన్ ముందుంటుంది, యూఎస్ఆర్ బిన్ తర్వాత ఉంటుంది. రెండింటిలో ఒకే పేరుతో రెండు ప్రోగ్రాంలుంటే ముందు కనిపించినదే నడుస్తుంది. రెండోది ఉన్నా లేనట్టే. ఈ ఒక్క ముక్క తెలియకనే నేను దెబ్బతిన్నాను.

నాచారంలో నేను చేసిన తప్పు

అది 2008. చదువు అయిపోయి, నాచారంలో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే పనికి కుదిరాను. ఉన్నవి మూడు కంప్యూటర్లు. అందరూ వాడుకునే పెద్దది ఒక్కటి, అందులో లినక్స్. అక్కడ లెక్కలు చూసే ఒక అన్న కాంట్రాక్టు కూలీల జీతాల జాబితా తయారుచేసేవాడు. ఆయన ఎప్పుడో రాయించుకున్న చిన్న స్క్రిప్టు ఒకటి ఉంది. కూలీల టోకెన్ నంబర్లు, పేర్లు ఒక ఫైలు. టోకెన్ నంబర్లు, పనిచేసిన దినాలు ఇంకో ఫైలు. రెండింటినీ నంబర్ల వరుసలో పేర్చి, పక్కపక్కన అతికిస్తే జాబితా తయారు. పేర్చడానికి లినక్స్‌లో సార్ట్ అనే కమాండ్ ఉంది. ఆయన స్క్రిప్టు దాన్నే పిలిచేది.

నాకు అప్పుడు కొత్త ఉత్సాహం. స్టోర్ రూం సామాన్ల చిట్టా పేర్చడానికి ఒక ప్రోగ్రాం రాశాను. చివరి గడిని చూసి వరుసలో పెట్టడం దాని పని. పేర్చేదే కదా అని దానికి సార్ట్ అని పేరు పెట్టాను. అందరికీ పనికొస్తుందని లోకల్ బిన్ అరలో పెట్టాను. నా చేతిలో ఆ కంప్యూటర్ తాళాలన్నీ ఉన్నాయి కాబట్టి ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

నెలాఖరు వచ్చింది. లెక్కల అన్న ఎప్పటిలాగే స్క్రిప్టు నడిపాడు. అది సార్ట్‌ను పిలిచింది. చీటీలో ముందున్నది నా అర కాబట్టి నా సార్ట్ పలికింది. చివరి గడిని బట్టి పేర్చడం తప్ప దానికి ఇంకేం రాదు. ఒక ఫైలు పేర్ల వరుసలో వచ్చింది, రెండోది దినాల వరుసలో వచ్చింది. రెండూ అతుక్కున్నాయి. ఒకరి పేరు పక్కన ఇంకొకరి దినాలు పడ్డాయి. తప్పు జరిగిందని కంప్యూటర్ ఒక్క మాట కూడా అనలేదు.

మొదట గుర్తుపట్టింది ఒక అమ్మ. "ఇరవై ఆరు దినాలు వచ్చిన సారూ. పదకొండే ఉన్నయేంది?" అని గేటు దగ్గర నిలబడి అడిగింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. యజమాని జీతాలు ఆపి, మొత్తం చేత్తో సరిచూడమన్నాడు. అందరి ముందు లెక్కల అన్నను నానా మాటలన్నాడు. ఆ రోజు మధ్యాహ్నానికే నాకు అనుమానం వచ్చింది. చూసుకుంటే నా సార్టే. అయినా నోరు విప్పలేదు. కొత్త ఉద్యోగం, పోతుందని భయం. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి అన్నకు చెప్పేశాను. ఆయన నన్ను కొట్టినా బాగుండేది. "పేరు నీ ఇష్టం తమ్మీ. కాని నీ ఇంట్ల పెట్టుకో. నడి బజార్ల పెట్టకు" అన్నాడు, అంతే. యజమాని దగ్గరకు తనే తీసుకెళ్లి నా ఉద్యోగం కూడా నిలబెట్టాడు.

రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందని అనుకునేవాళ్లు మన హాస్టల్‌లో ఉండరు. కూలి డబ్బుల కోసం ఎదురుచూసే ఇళ్ల నుంచే మనమంతా వచ్చాం. రెండు రోజులంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పెద్దవాళ్లు ఏం చేశారు?

ఆ తర్వాత నేను ఈ విషయం మీద కనిపించినదల్లా చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఈ కంచాల గొడవ ప్రపంచమంతా ఉందని.

డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఉంది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి ఆ పేరు పెట్టాడు. వేలమంది స్వచ్ఛందంగా పనిచేసే ఆ ప్రాజెక్టు నియమావళిలో ఒక సూత్రం ఉంది. వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాంలు ఒకే పేరుతో ఉండకూడదు. అలా వస్తే ఎవరు మార్చుకోవాలో మాట్లాడి తేల్చుకోవాలి. తేలకపోతే రెండింటి పేర్లూ మార్చాలి. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మా వార్డెన్ సార్ తీర్పే అది!

ఆ సూత్రానికి పెద్ద పరీక్షే వచ్చింది. హామ్ రేడియో వాళ్లు వాడే నోడ్ అనే పాత ప్రోగ్రాం ఒకటి డెబియన్‌లో ఉండేది. 2009లో నోడ్ జేఎస్ వచ్చింది. కొద్ది కాలంలోనే ప్రపంచమంతా దాన్ని వాడడం మొదలుపెట్టింది. దాని కమాండ్ పేరు కూడా నోడే. ఎవరూ తగ్గలేదు. 2012లో డెబియన్ సాంకేతిక కమిటీ తీర్పు చెప్పింది. కొత్తది నోడ్ జేఎస్ అన్న పేరుతో ఉండాలి, రేడియో వాళ్ల ప్రోగ్రాం కూడా పేరు మార్చుకోవాలి, పాత అలవాటు పోనివాళ్ల కోసం వేరే చిన్న ప్యాకేజీ ఇవ్వాలి. 2017లో ఆ కట్టడిని ఎత్తేసి నోడ్ పేరును నోడ్ జేఎస్‌కే వదిలారు. చివరికి బలమున్నవాడే గెలిచాడు కదా అనవచ్చు. నిజమే. కానీ అయిదేళ్ల పాటు కొద్దిమంది రేడియో వాళ్ల మాట లక్షలమంది మాటతో సమానంగా నిలబడింది. ఆ అయిదేళ్లు నాకు విలువైనవి.

గిట్ సంగతి కూడా అంతే. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో గిట్ తెలియనివాళ్లు ఉండరు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని రాసేనాటికే గిట్ అనే వేరే పాత ప్రోగ్రాం ఉంది. అందుకని డెబియన్‌లో చాలా ఏళ్లు కొత్త గిట్ ప్యాకేజీ గిట్ కోర్ అనే పేరుతోనే బతికింది. ఎంత పేరున్నవాడైనా వరుసలో నిలబడాల్సి వచ్చింది.

ఆ గిట్‌లోనే ఇంకో పాఠం ఉంది. మొదట్లో దాని ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రోగ్రాం. గిట్ గీత యాడ్, గిట్ గీత కమిట్ అంటూ నూటికి పైగా పేర్లు యూఎస్ఆర్ బిన్ అరలో కూర్చున్నాయి. ఒకే ఇంటివాళ్లు వచ్చి బడి బెంచీలన్నీ ఆక్రమించినట్టు. నేను నాచారంలో తప్పు చేసిన ఆ 2008 ఆగస్టులోనే గిట్ 1.6.0 వచ్చింది. వాటిలో చాలావాటిని సొంత గదిలోకి మార్చి, బయట గిట్ అనే పేరును ముందు పెట్టింది. ఇక గిట్ అని కొట్టి, జాగా వదిలి, పని పేరు చెప్పాలి. ఈ మార్పు వస్తుందని నెలల ముందే విడుదల పత్రంలో రాశారు. అయినా చాలామంది ఆ పత్రం చదవలేదు. వాళ్ల పాత స్క్రిప్టులు ఆగిపోయాయి, గోల చేశారు. నా ఉద్దేశంలో ఇద్దరి వైపూ తప్పుంది. చదవనివాడిది ఒక తప్పు. నోటీసు బోర్డు మీద అంటించాం కదా అని చేతులు దులుపుకోవడం ఇంకో తప్పు. మార్పు ఎవరికి తగులుతుందో వాడి కంటి ముందు కనిపించేటట్టు చెప్పాలి.

మన ఉప్పల్ రోడ్డుకు వస్తే

దూరం ఎందుకు? తార్నాక నుంచి ఉప్పల్ వచ్చే దారిలో హబ్సిగూడ దగ్గర రెండు పెద్ద పరిశోధన సంస్థలున్నాయి. ఒకటి భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ, రెండోది జీవకణాల సంగతులు చూసే సీసీఎంబీ. బస్సులో వెళ్తూ వాటి గోడలు చూడని హాస్టల్ విద్యార్థి లేడు. ఆ రెండు శాస్త్రాల్లోనూ ప్రపంచమంతటా కమాండ్ లైన్ ప్రోగ్రాంలు వాడతారు. రెండింటిలోనూ పేర్ల గొడవ వచ్చింది.

భూకంపాల పటాలు గీయడానికి జీఎంటీ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఉంది. పాల్ వెసెల్, వాల్టర్ స్మిత్ అనే ఇద్దరు విద్యార్థులు 1980ల చివర్లో అమెరికాలో దాన్ని మొదలుపెట్టారు. అందులోనూ ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్రోగ్రాం. వాటిలో సర్ఫేస్, ప్రాజెక్ట్ లాంటి పేర్లున్నాయి. ప్రాజెక్ట్ అనే పేరు ఇంకెవరికి మాత్రం గుర్తుకురాదు? 2013లో వచ్చిన అయిదో వెర్షన్‌లో వాళ్లు కూడా అన్నిటినీ జీఎంటీ అనే ఒక్క పేరు కిందికి తెచ్చారు. పాత పేర్లతో అలవాటు పడినవాళ్ల కోసం లింకులు కూడా ఇచ్చారు. జన్యువుల లెక్కలకు వాడే ప్లింక్ కథ వేరు. హార్వర్డ్‌లో షాన్ పర్సెల్, ఆయన సహచరులు దాన్ని 2007లో ప్రకటించారు. కానీ దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే పుట్టీ అనే సాధనంతో పాటు వచ్చే ఒక కమాండ్‌కు కూడా ప్లింక్ అనే పేరుంది. అందుకే డెబియన్‌లో జన్యువుల ప్లింక్‌ను ప్లింక్ వన్ అని పిలవాలి. పుస్తకంలో చూసి ప్లింక్ అని కొట్టిన విద్యార్థికి జన్యువుల బదులు ఇంకేదో పలుకుతుంది. తన తెలివి మీద తనకే అనుమానం వస్తుంది. తప్పు తనది కాదని చెప్పే అన్న ఒకడు పక్కన ఉండాలి.

నా అభిప్రాయం

ఇంత చెప్పింది ఒక్క మాట కోసం. నలుగురూ వాడుకునే చోట పేరు పెట్టే హక్కు తాళాలున్నవాడిది కాదు. ఆ పేరు కొట్టి బతికేవాళ్ల మేలు చూసి పెట్టాలి. ముందొచ్చినవాడిని గౌరవించాలి. మార్చవలసి వస్తే చెప్పి మార్చాలి, గడువిచ్చి మార్చాలి.

మన ఇళ్లలో పేరు మన చేతిలో లేని రోజులు చాలా కాలం నడిచాయి. తల్లిదండ్రులు ప్రేమతో పెట్టిన పేరును ఊళ్లో పెద్దలు సగం విరిచి, చివర గాడు చేర్చి పిలిచారు. బడి రిజిస్టర్‌లో కూడా అదే ఎక్కింది. ఇప్పటికీ సర్టిఫికెట్‌లో తాత పేరు సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు మనలో ఉన్నారు. ఎవరో ఆలోచించకుండా రాసిన పేరు ఎంత కాలం వెంటాడుతుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కాబట్టి పేరు పెట్టే కుర్చీలో మనం కూర్చున్న రోజున మనం ఆలోచించాలి.

ఒకసారి పెట్టిన పేరు పోదు. యూనిక్స్ రాసిన కెన్ థాంప్సన్ ఒక పేరులో క్రియేట్ అనే ఇంగ్లీషు మాటకు చివరి ఇ వదిలేశాడు. మళ్లీ చేసే అవకాశమొస్తే ఏం మారుస్తారని అడిగితే ఆ ఇ అక్షరం చేరుస్తానన్నాడట. యాభై ఏళ్లు దాటినా అది అట్లాగే ఉంది.

కొందరు మిత్రులు నాతో విభేదిస్తారు. "ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంకు వేరే గది కట్టి ఇచ్చే పద్ధతులు వచ్చాయి. ఎవరి గదిలో ఏ పేరుంటే ఏం?" అంటారు. గదులు వచ్చిన మాట నిజం. 2023లో వచ్చిన డెబియన్ 12 అయితే పైథాన్ ప్యాకేజీలను పిప్‌తో వ్యవస్థ అరలో పెట్టబోతే ఒప్పుకోదు, నీ గది నువ్వు కట్టుకో అంటుంది. మంచిదే. కానీ గదులెన్ని ఉన్నా వరండా ఒక్కటే, కొట్టే మనిషి తలకాయ ఒక్కటే. ఒకే పేరు నాలుగు గదుల్లో నాలుగు పనులు చేస్తే పొరపాటు పడేది ఆ మనిషే.

తెలుగు పేర్లు పెట్టవచ్చా?

తప్పకుండా పెట్టవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో లినక్స్ తేవడానికి పనిచేసింది. దాని పేరే తెలుగు పేరు. కానీ ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టమంటే పదిమంది పది రకాలుగా కొడతారు. సంస్థవాళ్లు చ కింది ఒత్తును వదిలేసి సరిపెట్టుకున్నారు. సంస్థ పేరుకు ఫర్వాలేదు, కమాండ్‌కు మాత్రం ఒక్క అక్షరం తేడా వచ్చినా పని జరగదు. అందుకని దీర్ఘాలు, ఒత్తులు లేని మాటలు ఎంచుకోండి. బడి, పలక, కలం లాంటివి ఎవరు కొట్టినా ఒకేలా కొడతారు. చూపు అని పెడితే ఒకడు రెండు ఓలు కొడతాడు, ఒకడు ఒక్క యూ కొడతాడు.

హాస్టల్‌కు నా మనవి

పూర్వ విద్యార్థులం కలిసి ఇచ్చిన కంప్యూటర్లు మన చదువుల గదిలో ఉన్నాయి. హాజరుకు, మెస్ లెక్కలకు తమ్ముళ్లు చిన్న చిన్న ప్రోగ్రాంలు రాస్తున్నారని విని ఎంతో సంతోషించాను. వాళ్లకు అయిదు మాటలు మనవి చేస్తున్నాను.

ఒకటి. పేరు పెట్టే ముందు టైప్ అనే కమాండ్ పక్కన ఆ పేరు కొట్టి చూడండి. అది అప్పటికే ఎవరిదైనా అయితే చెబుతుంది. ముఖ్యంగా టెస్ట్ అని పెట్టకండి. ఆ పేరు లినక్స్ షెల్ సొంతం. మీ ప్రోగ్రాం నడవదు, తప్పని కూడా చెప్పదు. మొదటి ప్రోగ్రాంకు ఆ పేరు పెట్టి రోజంతా తల పట్టుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

రెండు. కొత్త ప్రోగ్రాంను ముందు మీ సొంత అరలోనే ఉంచండి. నెల రోజులు మీరు వాడి చూశాకే ఉమ్మడి అరకు తెండి.

మూడు. అన్నిటికీ ఒక్క ఇంటిపేరు పెట్టుకోండి. బడి అని పెట్టుకుంటే బడి హాజరు, బడి మెస్ అని దాని కిందే నడపవచ్చు. ఉమ్మడి అరలో మనం తీసుకునేది ఒక్క పేరే అవుతుంది.

నాలుగు. కంప్యూటర్ పక్కన ఒక రిజిస్టర్ పెట్టండి. పేరు, రాసినవాడు, తేదీ, ఏ అరలో పెట్టారో రాయండి. పేరు మార్చాలంటే నెల ముందు అందులో రాసి, వాడేవాళ్లకు నోటితో కూడా చెప్పండి.

అయిదు. మీ వల్ల తప్పు జరిగితే ఆ పూటే చెప్పండి. నేను ఒక రాత్రి ఆగాను. ఆ రాత్రంతా ఒక మంచి మనిషి చేయని తప్పును మోశాడు.

కంప్యూటర్ చదువుల్లో మనకంటే ముందున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు, ఇంట్లో చిన్నప్పటి నుంచి కంప్యూటర్ ఉన్నవాళ్లు ఉంటారు. కానీ నలుగురితో ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర, ఒకే దొంతరలో కంచం పెట్టుకొని బతకడం మనకు వచ్చినంతగా వాళ్లకు రాదు. ఓపెన్ సోర్స్ అంటే ఆ బతుకే. ఆ పని మనం బాగా చేయగలం.

నా కంచం ఇప్పటికీ ఇంట్లో ఉంది. అంచు మీద పేరు, పక్కన ఊరి పేరు. ఆ ఊరి పేరు చూసి మా పాప "ఇది ఎందుకు నాన్నా?" అని అడిగితే ఈ కథంతా చెప్పాను. తమ్ముళ్లందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

— ఒక పూర్వ విద్యార్థి